ఆపకుండా లేపడం: మావయ్య కాటా కంప్యూటర్‌తో నా అనుభవం

"దాన్ని ఆపకే అమ్మా. ఆపితే లెగదు."

మా మావయ్య ఈ మాట పదేళ్లుగా అంటున్నాడు. గాజువాక ఆటోనగర్‌లో ఆయనకి లారీ కాటా ఉంది. బోర్డు మీద వేబ్రిడ్జి అని రాసి ఉన్నా, డ్రైవర్లు మొదలుకొని టీ కొట్టు వరకు అందరూ కాటా అనే అంటారు. లారీ ప్లాట్‌ఫాం ఎక్కితే ఇండికేటర్‌లో బరువు పడుతుంది. అక్కడి నుంచి ఒక సీరియల్ కేబుల్ గదిలోని కంప్యూటర్‌కి వస్తుంది. లారీ నంబరు కొట్టగానే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్రుకర్రుమంటూ చీటీ ఇస్తుంది. ఇన్నేళ్లలో ఇండికేటర్ మారింది, ప్రింటర్ రెండుసార్లు మారింది. కంప్యూటర్ మాత్రం నేను పలక పట్టిన ఏడాది కొన్నదే. 486 డీఎక్స్2 ప్రాసెసర్, 66 మెగాహెర్ట్జ్, 8 ఎంబీ మెమరీ, విండోస్ కంటే ముందుకాలపు ఆపరేటింగ్ సిస్టం ఎంఎస్ డాస్ 6.22.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అందరూ అంటారు. నేనూ అన్నాను, ఒకప్పుడు. కాటా ప్రోగ్రాం రాసిచ్చిన ఆయన ఎప్పుడో ఊరు విడిచి వెళ్లిపోయాడు, సోర్సు కోడ్ లేదు. అది మాత్రం రోజూ ఒక్క కిలో తేడా లేకుండా పని చేస్తోంది. పని చేస్తున్నదాన్ని ఎందుకు పారేయాలని మావయ్య అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

భయం మొదలైంది హుద్‌హుద్ తుపానుతో. 2014 అక్టోబరు 12న అది విశాఖ మీద తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, తెర వెలిగింది, హార్డ్ డిస్కు మాత్రం తిరగలేదు. పాత డిస్కులు చాలాకాలం కదలకుండా ఉంటే లోపల చదివే హెడ్లు, తిరిగే పళ్లేనికి అతుక్కుపోయే జబ్బు ఉంది. డాబాగార్డెన్స్ నుంచి వచ్చిన మెకానిక్ డిస్కుని అరచేతిలో పట్టుకుని, మణికట్టుతో ఒక్కసారి సుతారంగా తిప్పాడట. గుయ్‌మని లేచింది. ఆ రోజు నుంచి స్విచ్ ఆపాలంటే మావయ్యకి ప్రాణం మీదికి వచ్చినట్టే.

కానీ ఈ కంప్యూటర్‌ని రోజుకి రెండుసార్లయినా రీస్టార్ట్ చేయాలి. పగలు కాటా ప్రోగ్రాం, సాయంత్రం లోటస్ 1-2-3లో లెక్కలు. లోటస్‌లోని పెద్ద షీట్లకి ఎక్స్‌పాండెడ్ మెమరీ అనే అదనపు మెమరీ కావాలి, దానికి ఈఎంఎం386 అనే డ్రైవర్ ఎక్కించాలి. అది ఎక్కి ఉంటే కాటా ప్రోగ్రాంలో సీరియల్ కేబుల్ నుంచి వచ్చే అంకెలు మధ్యలో ఎగిరిపోతున్నాయి. అందుకని ఏ డ్రైవర్లు ఎక్కించాలో డాస్‌కి చెప్పే కాన్ఫిగ్.సిస్ ఫైల్లో ఎవరో మెనూ పెట్టారు: 1 కొడితే కాటా, 2 కొడితే లెక్కలు. డాస్ ఆ ఫైల్ని బూట్ అయ్యేటప్పుడు మాత్రమే చదువుతుంది. అంటే కాటా నుంచి లెక్కలకి మారాలంటే రీస్టార్ట్ తప్పదు.

ఇన్నాళ్లూ కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కేవారు. నవంబరులో కీబోర్డు కుడివైపు టీ ఒలికింది. డిలీట్ కీ, దాని కింద నంబర్ ప్యాడ్‌లో చుక్క కీ, రెండూ చచ్చిపోయాయి. లావుపాటి గుండ్రటి 5 పిన్నుల కీబోర్డు అది, ఇప్పుడు షాపులో అడిగితే దొరకదు. రీసెట్ బటన్ స్ప్రింగు ఉప్పుగాలికి ఎప్పుడో తుప్పు పట్టిపోయింది. ఇక మిగిలింది ముందున్న పెద్ద పవర్ స్విచ్. దాంతోనే రెండు నెలలు నడిపారు. సాయంత్రం స్విచ్ ఆపడం, పది అంకెలు లెక్కపెట్టడం, వేయడం, డిస్కు గుయ్‌మనేదాకా మావయ్య దేవుడి పటం వైపు చూస్తూ నిలబడడం. అత్త ఫోన్ చేసి, "మీ మావయ్యకి బీపీ పెరిగిపోతోందే, నువ్వు కంప్యూటర్ చదువుకున్నావు కదా, ఏటైనా చూడు" అంది.

సంక్రాంతి సెలవులకి వెళ్లాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, లారీలు అసలే రావు. కాటా గది మొత్తం నాదే.

ముందు చేసిన పని, చీటీల ఫైళ్లూ లెక్కల షీట్లూ ఫ్లాపీల్లోకి కాపీ చేయడం. ఏడు ఫ్లాపీలు పట్టాయి, రెండు గంటలు పట్టింది. ఆ తర్వాతే డీబగ్ తెరిచాను. ఇలాంటి యంత్రం ఇంట్లో ఉండి ఎవరైనా ఈ పని చేయబోతే, ఈ వరస మాత్రం తప్పొద్దు. డీబగ్ డాస్‌తో పాటే వచ్చే చిన్న ప్రోగ్రాం. నేరుగా మెమరీతో, పోర్టులతో (మిగతా చిప్‌లకి ప్రాసెసర్ మాట పంపే దారులు) మాట్లాడనిస్తుంది. అందులో డబ్ల్యూ అక్షరం తర్వాత పొరపాటున నాలుగు సంఖ్యలు కొడితే ఏ ఫైల్ అని అడక్కుండా డిస్కు సెక్టార్ల మీద రాసేస్తుంది. చేతిలో కాపీ లేకుండా దాని జోలికి పోకూడదు.

నా ఆలోచన ఇది. ప్రాసెసర్ కొత్తగా లేచినప్పుడు మొట్టమొదట ఎక్కడ చదవడం మొదలుపెట్టాలో ఇంటెల్ వాళ్లు చిప్‌లోనే ఖాయం చేశారు. 486కి పూర్వీకుడైన 8086లో అది 1 మెగాబైట్ నిండటానికి సరిగ్గా 16 బైట్ల ముందున్న చోటు. డాస్ భాషలో ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:0000. 386 నుంచి ఆ చోటు ఇంకా పైకి, 4 గిగాబైట్ల చివరికి వెళ్లింది గానీ, బోర్డు రెండు చోట్లా అదే బయాస్ చిప్‌ని, అంటే కంప్యూటర్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రాం ఉన్న చిప్‌ని చూపిస్తుంది. కరెంటు తీసి వేయకుండా ప్రాసెసర్‌ని ఆ చోటికి పంపగలిగితే అది అప్పుడే లేచినట్టు మొదటి నుంచి మొదలుపెడుతుంది. డిస్కుకి కరెంటు పోదు, పళ్లెం తిరుగుతూనే ఉంటుంది. మావయ్యకి కావలసింది అదే.

ఆ చోట ఏముందో చూద్దామని డీబగ్‌లో డీ కొట్టి ఆ చిరునామా ఇచ్చాను. మొదటి వరసలో ఈఏ, 5బీ, ఈ0, 00, ఎఫ్0. ఆ వెంటనే కుడివైపు మామూలు అక్షరాల్లో బయాస్ తయారైన తేదీ, చివర 95. ఈఏ అంటే ఫలానా చోటికి దూకు అని ఆజ్ఞ, తర్వాతి నాలుగు బైట్లు ఆ చోటు చిరునామా. ఉన్న 16 బైట్లలో ఇంకేం పడుతుంది! ఇంత పెద్ద యంత్రం రోజూ పొద్దున్న మొట్టమొదట చదివే మాట ఈ అయిదు బైట్లే. ఆఫీసులో రోజూ సర్వర్లతో పని చేస్తాను గానీ, దీన్ని కళ్లతో చూడడం అదే మొదటిసారి. ఆకుపచ్చ తెర మీద ఆ వరసని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇంకొక విషయం కూడా కావాలి. 0040:0072 దగ్గర బయాస్ ఒక గుర్తు కోసం చూస్తుంది. అక్కడ 1234 అని ఉంటే, ఈ మనిషి కొత్తగా లేవలేదు, మళ్లీ లేపారంతే అనుకుని మెమరీ పరీక్ష వదిలేస్తుంది. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ నొక్కినప్పుడు లోపల జరిగేదీ ఇదే: 1234 రాయడం, మొదటికి దూకడం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఆ మూడు కీల ఏర్పాటు పెట్టింది డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజినీరు. ఇప్పటి లైనక్స్ కెర్నల్‌ని వార్మ్ రీబూట్ (పరీక్షలు వదిలేసి మళ్లీ లేవడం) చేయమన్నా అదే చోట అదే 1234 రాస్తుంది.

డీబగ్‌లో ఏ 100 కొట్టి నాలుగు వరసలు రాశాను. ఏఎక్స్, డీఎస్, సీఎక్స్ లాంటివి ప్రాసెసర్ లోపల అంకెలు పెట్టుకునే చిన్న గదులు. ఏఎక్స్‌లో 40 పెట్టు. దాన్ని డీఎస్‌లోకి మార్చు. 72 దగ్గర 1234 రాయి. ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:0కి దూకు. డీబగ్‌కి అన్ని అంకెలూ హెక్స్‌లోనే (పదికి బదులు పదహారుతో లెక్కపెట్టే పద్ధతి) అర్థమవుతాయి కాబట్టి పక్కన ఏమీ చేర్చక్కర్లేదు. మొత్తం లెక్కపెడితే సరిగ్గా 16 బైట్లు. సీఎక్స్‌లో నిడివి ఇవ్వాలి, 16ని హెక్స్‌లో 10 అని. పేరు పెట్టి, డబ్ల్యూ కొట్టి, క్యూతో బయటికొచ్చాను.

"అయిందేటి?" మావయ్య గుమ్మంలో ఉన్నాడు.

"చూడు మావయ్యా, స్విచ్ ముట్టుకోను."

పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. తెర ఒక్క క్షణం నల్లబడింది. టింగ్‌మని బీప్. ఫ్లాపీ డ్రైవు లైటు వెలిగి ఆరింది. మామూలుగా టకటకటకమంటూ 8 ఎంబీ దాకా పరుగెత్తే మెమరీ అంకెలు ఈసారి రాలేదు, నేరుగా మెనూ వచ్చింది. డిస్కు శబ్దం ఎక్కడా తగ్గలేదు. మావయ్య వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాడు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. "తిరుగుతానే ఉందే," అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. నిజంగా చీటీ కొట్టి చూద్దామని, కాటా దగ్గర పని చేసే బాబాయీ నేనూ వెళ్లి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాం. మావయ్య లోపల కూర్చుని చీటీ తీశాడు: 130 కిలోలు. ప్రోగ్రాంలోంచి బయటికొచ్చి వెంటనే నా 16 బైట్ల ప్రోగ్రాం నడిపాను. మళ్లీ లేచాక చూస్తే ఆ చీటీ కంప్యూటర్‌లో లేదు. కాగితం మావయ్య చేతిలో ఉంది, ఫైల్లో మాత్రం అంతకుముందు రోజు చివరి లారీ దగ్గరే ఆగిపోయింది.

నాకు కడుపులో తిప్పినట్టయింది. అదే నిజం లారీ అయ్యుంటే, మర్నాడు పార్టీ వచ్చి బరువు అడిగితే ఏం చెప్పేవాళ్లం? కాటా వ్యాపారం నడిచేదే నమ్మకం మీద.

కారణం ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో, అంటే బూట్ కాగానే డాస్ వరసగా నడిపే ఆజ్ఞల ఫైల్లో దొరికింది. స్మార్ట్‌డ్రైవ్ అని డిస్కుకి వేగం పెంచే ప్రోగ్రాం ఒకటి అందులో ఉంది. ఆ లైన్లో సీ పక్కన ప్లస్ గుర్తు, చివర స్లాష్ ఎన్. ప్లస్ అంటే డిస్కు మీద రాయాల్సినవి కూడా కొన్ని సెకన్లు మెమరీలో ఆపుకుని తీరిగ్గా రాయమని. స్లాష్ ఎన్ అంటే రాయడం పూర్తవకపోయినా ప్రాంప్ట్ ఇచ్చేయమని. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ నొక్కితే స్మార్ట్‌డ్రైవ్ దాన్ని పసిగట్టి, మిగిలినవన్నీ రాశాకే వదులుతుంది. నా ప్రోగ్రాం కీబోర్డు దారిలో వెళ్లలేదు, నేరుగా దూకేసింది. స్మార్ట్‌డ్రైవ్‌కి తెలిసే అవకాశమే లేదు. రీసెట్ బటన్ బాగు చేయించినా, పవర్ స్విచ్ నొక్కినా ఇదే ప్రమాదం. ఈ రెండు నెలల్లో అలా ఎన్ని చీటీలు పోయాయో అని మావయ్య ఆ రాత్రే కార్బన్ కాపీల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు. రెండు తేలాయి. రెండూ చేత్తో ఎక్కించాం.

దీనికి మందు చిన్నదే. రీస్టార్ట్‌కి ముందు స్మార్ట్‌డ్రైవ్ స్లాష్ సీ అని కొడితే మెమరీలో ఆగినవన్నీ డిస్కు మీద రాసేస్తుంది. అప్పుడు డిస్కు లైటు కాసేపు వెలిగి ఆరుతుంది. అది ఆరాకే దూకాలి.

రెండో గండం లెక్కల మెనూలో వచ్చింది. ఈఎంఎం386 ఎక్కి ఉన్నప్పుడు నా ప్రోగ్రాం నడిపితే తెర నల్లబడింది, అంతే. బీప్ లేదు, లైటు లేదు. ఏ కీ నొక్కినా పలకదు. మావయ్య ముఖం నేను చూడలేకపోయాను. ఆయన చెయ్యి అప్పటికే పవర్ స్విచ్ వైపు వెళ్తోంది. "వద్దు, ఉండు" అని మూత విప్పాను. బోర్డు అంచున రీసెట్ బటన్ వైరు తగిలించే రెండు పిన్నులుంటాయి, పక్కన ఆర్‌ఎస్‌టీ అని తెల్లటి అచ్చు. సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండింటినీ ఒక్క అర క్షణం కలిపాను. చెయ్యి వణకకుండా బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు. టింగ్‌మంది. ఆ బీప్ వినగానే ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం.

ఈఎంఎం386 ఉన్నప్పుడు డాస్ నడిచేది నిజమైన నేల మీద కాదు. ప్రాసెసర్ ప్రొటెక్టెడ్ మోడ్‌లో (ప్రోగ్రాంలకి హద్దులు పెట్టి నడిపే పద్ధతి) ఉండి, డాస్‌కి ఒక బొమ్మ 8086ని చూపిస్తూ ఉంటుంది. ఆ బొమ్మలో ఎక్కడికి దూకినా ప్రాసెసర్ నిజంగా రీసెట్ కాదు. మా బోర్డు బయాస్‌కి అది పడలేదు. కాబట్టి దూకడం కాదు, ప్రాసెసర్ రీసెట్ తీగనే లాగాలి. సాఫ్ట్‌వేర్‌తో ఆ తీగ లాగే దారి కీబోర్డులో ఉంది!

దీని వెనక కథ నాకు చాలా ఇష్టం. 1982లో వచ్చిన 80286 ప్రాసెసర్ ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్లగలదు గానీ, తిరిగి రావడానికి దానికి ఆజ్ఞే లేదు. రీసెట్ చేస్తేనే వెనక్కి వస్తుంది. 1984లో పీసీ ఏటీ తయారు చేసినప్పుడు ఐబీఎం ఇంజినీర్లు కీబోర్డు కంట్రోలర్ చిప్ 8042లో ఖాళీగా ఉన్న ఒక కాలుని ప్రాసెసర్ రీసెట్‌కి కలిపారు. 64 పోర్టుకి ఎఫ్‌ఈ పంపితే ఆ కాలు ఒక్కసారి కిందికి గుంజుతుంది. ఎఫ్‌ఈని బైనరీలో రాస్తే ఏడు ఒకట్లు, చివర ఒక్క సున్నా. ఆ సున్నాయే రీసెట్ తీగ. ఏటీ తర్వాత వచ్చిన 486 పీసీలు కూడా ఆ ఏర్పాటుని మోసుకొచ్చాయి. టీ ఒలికి కీలు పోయాయి గానీ, బోర్డు మీద వాటి తరఫున పనిచేసే చిప్ నిక్షేపంలా ఉంది.

లెక్కల మెనూలోనే ముందు స్మార్ట్‌డ్రైవ్ స్లాష్ సీ కొట్టి, లైటు ఆరాక డీబగ్ తెరిచి, ఓ 64 ఎఫ్‌ఈ అని కొట్టాను. ఓ అంటే అవుట్‌పుట్. ఎంటర్ మీంచి వేలు తీసేలోపే టింగ్‌మంది. కాటా మెనూలోంచి కూడా అదే ఫలితం. రెండు మెనూల్లోంచీ నాలుగేసి సార్లు చేశాను, ఒక్కసారీ తడబడలేదు.

ప్రోగ్రాం మళ్లీ రాశాను. 1234 గుర్తు రాసేదాకా పాతదే. దూకే వరస తీసేసి, ఏఎల్‌లో ఎఫ్‌ఈ పెట్టి 64కి పంపడం, రీసెట్ పడేలోపు ప్రాసెసర్ ఎటూ పోకుండా చివర ఉన్నచోటనే తిరుగుతూ ఉండమనే వరస. ఈసారి 17 బైట్లు, హెక్స్‌లో 11. విండోస్ నడుస్తున్నప్పుడు మాత్రం ఇలాంటిది వాడకూడదు. దాని ఫైళ్లు దాన్నే మూసుకోనివ్వాలి. మావయ్య దగ్గర విండోస్ లేదు కాబట్టి ఆ బెడద లేదు.

చివరగా ఆజ్ఞల్ని వరసగా నడిపే ఒక బ్యాచ్ ఫైల్. అందులో ముందు ఆ రోజు చీటీల ఫైల్ని ఫ్లాపీలోకి కాపీ చేయడం, తర్వాత స్మార్ట్‌డ్రైవ్ స్లాష్ సీ, తర్వాత నా 17 బైట్లు. పేరేం పెట్టనని అడిగితే మావయ్య ఆలోచించకుండానే, "మళ్లీ అని పెట్టు" అన్నాడు. అయిదు ఇంగ్లిష్ అక్షరాల్లో అలాగే పెట్టాను. కీబోర్డు కుడివైపుకి పోనక్కర్లేని కీలే అన్నీ.

సెలవులు అయిపోయి మద్దిలపాలెం వచ్చేశాక, కొత్త రకం కీబోర్డుని 5 పిన్నులకి మార్చే కన్వర్టర్ ఒకటి తెప్పించి పంపాను. ఇప్పుడు డిలీట్ కీ ఉంది, మూడు కీల పద్ధతీ పని చేస్తుంది. అయినా మావయ్య దాని జోలికి పోడు. మొన్న ఆదివారం వెళ్తే ఆఖరి లారీ దిగిపోయింది, బాబాయి గేటు వేస్తున్నాడు. మావయ్య కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో అయిదు అక్షరాలూ కొట్టాడు. ఫ్లాపీ కర్రుమంది. డిస్కు లైటు వెలిగి ఆరింది. టింగ్‌మనగానే, దేవుడి పటం వైపు చూడకుండానే 2 నొక్కి, లెక్కల పుస్తకం ముందుకి జరుపుకున్నాడు.